బెత్తెడు తక్కువైన బండి

“తాతా, ఈ పికప్పు ఎన్క గంత పొడుగేంది? గిసుంటి బండి నేనెక్కడ సూడలే.”

ఎక్కడ సూస్తవు బిడ్డా, ఇంకోటి ఉంటే గద. షోరూముల గిట్ల ఇయ్యరు. ఇది మన గోదావరిఖనిల, యాకూబ్ భాయ్ వెల్డింగు షాపుల కోసి అతికిన బండి. చెయ్యి ఆయినది, కొలత నాది. మంచికైనా చెడ్డకైనా పేరు నాకే వడ్డది. మొన్న తెలంగాణ వచ్చిందని పోరగాండ్లు ఊరేగింపు తీసిన్నాడు దీని మీదనే ఎక్కిన్రు, ఎంతమందో ఏమో, ఒక్కలు కింద వడలే. అగో, ఆ కుర్చీ గుంజుకో. బండి తోక మీద కూసోకు ఇప్పుడే. తోక ముచ్చట ఆఖరుకు వస్తది.

యాడికెల్లి చెప్పాలె... సమ్మయ్య కాడికెల్లి చెప్తా. సమ్మయ్యంటే నా మేనల్లుడు, మా అక్క కొడుకు. ఇందాక నిన్ను ఆటో స్టాండు కాడికెల్లి తోలుకొచ్చినోడే. వానికి బొగ్గుబాయిల నౌకరీ రాలే. మా బావ రిటైరై బాయి దిగిపొయ్యేనాటికి కొడుకులకు ఇచ్చుడు బందయింది. వాడు ఖాళీగ తిరుగుతుండె. గప్పుడే మా ఊరికి ఖాళీ చెయ్యుమని కాయితం వచ్చింది.

మా ఊరు ఇప్పుడు లేదు బిడ్డా. ఊరున్న జాగల ఒక బొంద ఉన్నది, పక్కకు ఒక మట్టిగుట్ట ఉన్నది. ఓపెన్‌కాస్టు అంటరు గదా, మీదికెల్లి తవ్వుకుంట పోవుడు. నేనేమో ముప్పై ఒక్క యేడు భూమి లోపటికి దిగి పని చేసినోన్ని. బొగ్గు బువ్వ తిన్నోన్నే, నేను కోపానికొస్తే ఎవలు నమ్ముతరు చెప్పు? మా ఇంటామె గదే అనేది. లచ్చవ్వ. “నువ్వు కిందికెల్లి తవ్వినవు, వాళ్ళు మీదికెల్లి తవ్వవట్టిరి, నడుమ నా ఇల్లు వాయె” అనేది. నవ్వుకుంటనే అనేది గని, అన్నంక జెరసేపు మొఖం చూపెట్టకపోయేది.

ఊరు తీసుకున్నోళ్ళు ఊరియ్యరు, కాలనీ ఇస్తరు. గీత గీసినట్టు గల్లీలు, ఒక్క తీరు ప్లాట్లు. ఇల్లు ఎవలది వాళ్ళు కట్టుకోవాలె. కట్టుకోవాలెనంటే పాతింటి కట్టె కావాలె. మా దిక్కు ఇండ్లల్ల కట్టెనే ఆస్తి. మట్టిగోడను ఎవలు మోస్తరు? దర్వాజలు, దూలాలు, వాసాలు, అల్మార పలకలు, గివన్ని ఇప్పి కొత్త జాగకు తేవాలె. ట్రాక్టరు పెడితే దాని తొట్టె పొట్టిది, దూలం సగం బయటికి ఏలాడుతది. లారీ మా గల్లీలకు రాదు. గప్పుడు సమ్మయ్యకు ఆలోచన వచ్చింది. కాంట్రాక్టరు కాడ ఒక పాత పికప్పు ఉండె. గట్టిది, రాళ్ళు మోసిన బండి, ఇంజను ఏనుగు లెక్క. “మామా, దీన్ని కొని పొడుగు చేపిస్తే ఊరు ఊరంత నేనే దింపుత, ఎవల దూలం కొయ్యకుంట దింపుత” అన్నడు. మంచి మాటనే అన్నడు. పోరగానికి పని దొరికినట్టుంటది, ఊరోళ్ళ కట్టె సక్కగ చేరుతది.

ఎంత పొడుగు చెయ్యాలె అన్న కాడ వచ్చింది. ఊరందరి దూలాలల్ల పెద్దది మాది. గొప్పలకు చెప్తలేను. మా నాయిన కాసిపేట దిక్కు అడివిలకెల్లి తెచ్చిన మద్దికట్టె. రెండు జతల ఎడ్లు కట్టి తెచ్చిండట, నడుమల ఒక ఎద్దు కూలవడ్డదట, మా తాత గప్పుడు ఎంత తిట్టిండో మా నాయిన ముసలోడయ్యేదాక చెప్పేటోడు... అది వేరే ముచ్చట. ఏమంటున్న? ఆఁ, దూలం. మాది పడితే అందరివి పడ్తయి. గందుకని బండి మా దూలం కొలతకు చేద్దామన్నరు. కొలిచేటోడు ఎవడు? నేనే. ఎందుకంటే నేను టింబర్‌మన్ను.

టింబర్‌మనంటే తెలుసా? చెప్తా, ఇది తెలువకుంటే మిగిలింది తెల్వది. బాయి లోపట బొగ్గు తీసినంక పైకప్పు ఖాళీగ నిలవడ్తది. అది కూలొద్దని కింద కట్టె నిలవెట్టాలె. ఆ కట్టె కొలిచి కోసి నిలవెట్టేటోడు టింబర్‌మన్. నేల కాడికెల్లి కప్పు దాక కొలుస్తం. కొలిచినంత కట్టె కొయ్యం. బెత్తెడు తక్కువ కోస్తం. ఎందుకంటే కట్టె నెత్తి మీద ఒక చెక్క పలక వెట్టి, ఆ సందుల చీల కొట్టి బిగిస్తం. పలకకు, చీలకు కలిపి బెత్తెడు జాగ. బెత్తెడు ఇడువకపోతే కట్టె నిలవడదు, కట్టె నిలవడకపోతే మనిషి ఉండడు. ముప్పై ఒక్క యేడు, షిఫ్టుకు ఎన్ని కట్టెలో... కొలుసుడు, బెత్తెడు ఇడుసుడు. నోరుతోని చెప్పుడు గూడ ఉండది, చెయ్యే ఇడుస్తది.

ఇగ మా ఇంట్ల మంచం మీద నిలవడ్డ. మెడ పైకెత్తిన. నెత్తి మీద దూలం. అచ్చం బాయిల నిలవడ్డట్టే. కొలకర్ర వెట్టుకుంట ఈ కొస నుంచి ఆ కొస దాక కొలిచిన. మట్టిగోడలు గదా, రెండు కొసలు బయటికి కనవడేటియి. పద్నాలుగు అడుగులు, మీద ఒక బెత్తెడు. నా కన్ను చూసింది, కర్ర చూసింది. నోట్లకెల్లి వచ్చింది మాత్రం, “పద్నాలుగు అడుగులు, రాసుకో సమ్మయ్యా.”

లచ్చవ్వ గప్పుడు పొయ్యి కాడ ఉన్నది. ఆమె గూడ కొలిచింది, గని వేరే పని మీద. కాలనీల మాకు గోడలు లేస్తుండె. మేస్త్రికి దూలం పొడుగు చెప్పాలె, దూలం కొసలు కూసునేటందుకు గోడలల్ల గూళ్ళు ఇడువాలె. ఆమె మంచపు నులక తాడు ముక్క ఒకటి తీసి, దూలం పొంటి గుంజి, కొసకు ముడి ఏసి మేస్త్రికి ఇచ్చింది. నేను నవ్విన. “కొలకర్ర ఇంట్ల ఉండంగ నులకతాడేందే” అన్న. “నీ కర్ర నీకు, నా తాడు నాకు” అన్నది. గంతే. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

యాకూబ్ భాయ్ షాపుకు పోయినం. చాయ్ రెండు రూపాలున్న దినాలు. నేను మూడు చాయ్‌లు తాగి కూసున్న గని ఆయిన బండి కింద పండుకొని లేస్తలేడు. లేసి ఏమన్నడంటే, “రాజన్నా, బండి పదడుగుల తొట్టె. నాలుగడుగులు పెంచాలె. రెండు అడుగులు నడుమ కోసి చాసీ పెంచుత, ఎన్క చక్రాలు ఎన్కకు జరుపుత. మిగిలిన రెండడుగులు తోకకు ఇడుస్త. గంతకంటె ఒక్క వేలు పెంచినా బరువు తోకకు దిగుతది, ముందుచక్రాలు తేలుతయి, స్టీరింగు మాట వినది. గందుకే సరైన కొలత చెప్పు, ఉజ్జాయింపు చెప్పకు.” నేను ఏమన్న? “యాకూబ్ భాయ్, నా కొలత మీద మనుషులు బతికిన్రు” అన్న. గట్లన్న బిడ్డా. గిప్పుడు తలుసుకుంటే నాకే నవ్వొస్తది.

పన్నెండు దినాలు పట్టింది. చాసీని, అంటే బండి కింది ఇనుప చట్రాన్ని, నడుమ కోసినప్పుడు బండి రెండు ముక్కలై నిలవడ్డది, సమ్మయ్య మొఖం సూడలేక పోయినం. దాంట్లకు మందం చానల్ తొడిగి, రెండు పక్కల పట్టీలు ఏసి, వెల్డింగు కొట్టి, మల్ల బోల్టులు బిగిచ్చిండు. “వెల్డింగును ఒక్కదాన్ని నమ్మొద్దు” అంటడు ఆయిన, తనే వెల్డరు. కింద బరువు మోసే కమాన్లకు ఇంకో రెండు పట్టలు ఏసిండు. తొట్టెకు ఇనుప రేకు పరిచి, మీద టేకు పలకలు కొట్టిండు. దూలాలు రేకు మీద జారుతయని. ఎన్క తలుపుకు రెండు దిక్కుల గొలుసులు. కిందికి ఇడిస్తే బల్ల లెక్క అడ్డంగ నిలవడ్తది. పని ఎట్ల చేసిండంటే, సూడు, గిప్పటికి ఒక్క అతుకు ఇడువలే. ఏడెనిమిది యేండ్లాయె.

రెండు నెలలు సమ్మయ్య ఊరు దింపిండు. రోజుకు ఒక ఇల్లు, ఒకనాడు రెండిండ్లు. ఎవల దూలం ఎక్కిచ్చినా తలుపు టక్కుమని మూసుకుంటుండె. వాళ్ళయి చిన్నయి గదా. అందరు నా దిక్కు సూసి, టింబర్‌మన్ అంటే గిట్లుండాలె అనిరి. నేను గూడ మీసం మీద చెయ్యేసిన. మా ఇల్లు ఆఖరుకు పెట్టుకున్నం. లచ్చవ్వ ఇప్పనియ్యలే. రేపు, ఎల్లుండి, గీ అమాస పోనీ, గీ మంగళారం పోనీ అనుకుంట వచ్చింది. ఊర్ల ఇండ్లన్ని నెత్తి లేకుంట నిలవడ్డయి. మాది ఒక్కటే కప్పుతోని ఉన్నది. ఇగ మిషన్లు గల్లీ మూలకు వచ్చినయి, కాలనీల గోడలు దూలం కోసం ఎదురు సూడవట్టినయి. గప్పుడు కానీ ఊఁ అనలే.

పొద్దుగాల పెంకలు దింపినం. పగటియాల్లకు దూలం దించినం, పన్నెండుమంది పట్టిన్రు. మొదలు దర్వాజ, అల్మార, వడ్లగుమ్మి పలకలు ఒక పక్కకు ఎక్కిచ్చినం. రెండో పక్కకు దూలం తోసినం. సమ్మయ్య తలుపు ఎత్తిండు. పడలే. మల్ల ఎత్తిండు. పడలే. దూలం కొస తలుపుకు అడ్డం వచ్చింది. ఎంత? వాడు చెయ్యి అడ్డం పెట్టి చూసిండు. నాలుగు వేళ్ళు. సరిగ్గ బెత్తెడు.

నాకు గప్పుడు ఎరుకయింది బిడ్డా. ఎవలు అడుగకముందే నాకు ఎరుకయింది. ఆ బెత్తెడు ఏడికెల్లి వచ్చిందో నాకొక్కనికే తెలుసు. బాయి దిగిపోయి మూడేండ్లాయె, గని నా చెయ్యి ఇంకా పలకకు, చీలకు జాగ ఇడుస్తనే ఉన్నది.

మూల నుంచి మూలకు అడ్డంగ పెట్టుమన్నరు ఎవలో. ఆ పక్కకు సామాను నింపినం, అదంత దించి మూల మీద పెడితే బండి ఒక దిక్కు ఒరుగుతది. కాలనీకి వొయ్యే తొవ్వ మట్టిగుట్ట పక్కపొంటి, ముందే వాలు. తలుపు తెరిచి పోదామంటే ఎక్కుడు కాడ దూలం ఎన్కకు జారుతది. సమ్మయ్య రంపం తీసిండు. “మామా, బెత్తెడే గదా, కోసేద్దాం” అన్నడు. నేనేమో సిగ్గు మీదుంటి. ముప్పై ఒక్క యేడు కట్టె కోసినోనికి బెత్తెడు ఎంతపని? రంపం నేనే అందుకున్న.

లచ్చవ్వ వచ్చి కొస మీద చెయ్యేసింది. మేస్త్రి కాడికెల్లి మల్ల తెచ్చుకున్న నులకతాడు చేతులనే ఉన్నది. తాడు గుంజి చూపెట్టింది, దూలానికి తాడుకు వెంట్రుకంత ఫరక్ లేదు. “గోడల గూళ్ళు బెత్తెడు బెత్తెడే ఇడిచిండు మేస్త్రి. గిది కోస్తే ఆ కొస గాలిల ఉంటది” అన్నది. సమ్మయ్యేమో, “అత్తా, గూడు నింపుకొని కింద ఒక పిల్లర్ లేపుదాం తియ్యి, సిమెంటు ఉన్నది గద” అన్నడు. వాడు తప్పనలే. గట్ల గూడ చెయ్యచ్చు. గప్పుడు ఆమె వాని దిక్కు సూడలే, నా దిక్కు సూసింది.

“నువ్వు డ్యూటీకి పోయినంక ఎన్నడన్న టైము కాని టైముకు సైరను మోగితే, నేను ఏం చేసిన్నో ఎరుకేనా నీకు? అందరు బాయి కాడికి ఉరికేటోళ్ళు. నేను ఉరుకలే. మంచంల పండుకొని గీ దూలం సూసిన. దీని మీద పదిహేడు కణుపులున్నయి. నువ్వు కింద కట్టెల కింద ఉన్నవు, నేను మీద కట్టె కింద ఉన్న. గీ కట్టె కదలకపోతే నీ కట్టె కదలదు అనుకునేదాన్ని. కణుపులు లెక్కవెట్టుకుంట పోతే నీ చెప్పులు ఇనవడేటియి. కోస్తే కొయ్యి. గని ఆ కొసకు ఒక కణుపు ఉన్నది.”

నాకు తెల్వది బిడ్డా. పెండ్లయి ముప్పై యేండ్లు దాటింది, నాకు తెల్వది. నేను ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద నీళ్ళు కాగుతుండేటియి. ఆమె మామూలుగ, ఏం కూర వండాలె అని అడిగేది. బాయి కాడ ఏడ్సుకుంట నిలవడ్డ ఆడోళ్ళను చూసి, నా పెండ్లానికి ఫికరే లేదు, రాయి గుండె అని నేను దోస్తులతోని అన్న గూడ. ఒక్కపాలి కాదు, చానపాలి.

రంపం కింద వెట్టిన.

ఏం చేసినమంటే, తలుపు గొలుసుల మీద కిందికి ఇడిసినం, బల్ల లెక్క. దూలాన్ని నులకతోని, మోకుతోని కట్టినం. అయినా జారుతదేమోనని, కొస కాడ మనుషులు కూసోవాలె అన్నడు సమ్మయ్య. “నేను కూసుంట” అన్నది. ఆమె ఒక్కతిని ఎట్ల కూసోవెడ్త? నేను గూడ ఎక్కిన. దూలానికి ఆ పక్క ఆమె, ఈ పక్క నేను, తలుపు మీద కాళ్ళు ఏలాడేసుకొని. మొఖం ఎన్కకు.

తలుపు మూసుకొని ఉంటే ఎట్లుండె? ఇద్దరం ముందల కేబిన్ల సమ్మయ్య పక్కకు కూసొని కొత్త కాలనీ దిక్కు సూసుకుంట పోదుము. ఊరు ఎన్క పోయేది. ఊరోళ్ళందరు గట్లనే పోయిన్రు. మేమిద్దరమే ఎన్కకు మొఖం వెట్టి పోయినం. బండి మెల్లగ కదిలింది. ముందుగాల మా ఇల్లు జరిగింది, నెత్తి లేని గోడలు. తర్వాత కుమ్మరోళ్ళ గల్లీ, బతుకమ్మ ఆడే బొడ్రాయి జాగ, బోరింగు. లచ్చవ్వ ఒక్కొక్క ఇంటిని పేరు వెట్టి పిలిచింది. బయటికి కాదు, పెదవులు కదిలినయి, నేను సూసిన. మట్టిగుట్ట ఎక్కుడు కాడ బండి ముక్కింది, దూలం జెర ఎన్కకు వచ్చింది, ఇద్దరం ఒక్కసారి రెండు చేతులు దాని మీద ఏసినం. గప్పుడు ఆమె చెయ్యి నా చెయ్యి మీద వడ్డది. తియ్యలే. నేను గూడ తియ్యలే. గుట్ట మీదికి ఎక్కినంక ఊరంత ఒక్కసారి కనవడ్డది, చిన్నగ, దుమ్ముల. గది మలుపు. మలుపు తిరిగినంక ఇగ లేదు.

దూలం గూళ్ళల్ల సక్కగ కూసున్నది. తాడు కొలత గదా, తప్పుతదా? ఆనాటి నుంచి కాలనీల నా బేజ్జతి మొదలయింది. ఎవడన్న గోడ కడితే, రాజన్నను కొలువమనకురి, లచ్చవ్వ తాడు తెమ్మనురి అని. ఆమె గూడ నవ్వేది. కొన్నినాళ్ళకు యాకూబ్ భాయ్ వచ్చి సూసి, తల వట్టుకున్నడు. “నా బండికి నామోషీ తెచ్చినవు రాజన్నా, ఇయ్యి బండి, బెత్తెడు పెంచి ఇస్త, తోక మునగకుంట నేను సూసుకుంట” అన్నడు. నేను సరే అందామనుకున్న. లచ్చవ్వ చాయ్ ఇచ్చుకుంట, “వద్దు యాకూబన్నా. ఈయిన కొలత తప్పిందానికే నేను ఊరిని సూసుకుంట వచ్చిన. ఉండనీ గట్లనే” అన్నది. ఆయిన చాయ్ తాగి పోయిండు. మల్ల ఎన్నడు అడుగలే.

తెలంగాణ కోసం చేసిన సమ్మెల గూడ ఈ బండే. రోడ్ల మీద వంటలు వండిన దినాలల్ల పెద్ద గంజులు దీని మీదనే పోయినయి. లచ్చవ్వ గీ తలుపునే బల్ల చేసుకొని ఉల్లిగడ్డలు కోసింది, పాటలు పాడే పోరగాండ్లకు అన్నం వెట్టింది. తెలంగాణ వస్తది సూస్త అన్నది. వచ్చేనాటికి... ఒక చలికాలం ముందు పోయింది. ఎక్కువ బాధపడలే. ఇంట్లనే పోయింది, దూలం కిందనే. నేను పక్కకే ఉన్న. ఆమె పైకే సూసింది. కణుపులు లెక్కవెడ్తుందేమో అనుకున్న. నేను గూడ గప్పటి నుంచి లెక్కవెడుతున్న. పదిహేడు ఉన్నయి, ఆమె అబద్ధం చెప్పలే. గని ఎన్నిసార్లు లెక్కవెట్టినా చెప్పులు ఇనవడయి గదా.

సమ్మయ్యకు ఇప్పుడు వేరే బండి ఉన్నది. దీన్ని తుక్కోళ్ళకు ఇద్దామంటడు ఒకపాలి, ఇయ్యడు. నా మొఖం సూసి ఇయ్యడు. సాయంత్రం ఎండ తగ్గినంక నేను వచ్చి తలుపు కిందికి ఇడుస్త. గొలుసులు ఇంకా గట్టిగున్నయి. ఈ పక్క కూసుంట. ఆ పక్క ఖాళీ ఉంటది. ఎన్కకు సూస్తె ఏమున్నది, అగో, గా మట్టిగుట్టనే. వాన వడితే దాని మీద గడ్డి మొలుస్తున్నది ఈమధ్య. గడ్డి మొలిచిందే, నీ ఊరి మీద, అని చెప్త.

ఇగ లే బిడ్డా. ఇప్పుడు కూసో తోక మీద. ఈ పక్కకు కాదు, ఆ పక్కకు. ఏంగాదు, కూసో, ఆమె ఏమనుకోదు. కాళ్ళు కిందికి ఇడువు. గట్ల. చదువుకుంటున్నవు, రేపు ఏ పట్నమో పోతవు, పోవాలె, నిన్నెవలు ఆపొద్దు. గని ఏడికి పోయినా, పోయేటప్పుడు ఎన్కకు మొఖం వెట్టి కూసునేంత జాగ బండిల దొరకాలె నీకు. పక్కకు ఒక చెయ్యి ఉండాలె. గంతకంటె ఏం దీవిస్త నేను...

అగో, గుట్ట మీద ఎండ సూడు. గా మలుపు కాడ... ఆఁ, గదే. గాడనే.